ఆరు తంత్రుల స్వరమేళనం

ఉద్దేశం

గిటార్ వాదనంలో తొలి సోపానమైన 'కార్డ్' స్వరూపాన్ని, దానిని అభ్యసించే పద్ధతిని వివరించడం, తొలి వారాలలో ఎదురయ్యే కష్టానికి ప్రతిభ కొరవడటం కారణం కాదని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

స్వరప్రవాహం – స్వరమేళనం

భారతీయ సంగీతంలో స్వరాలు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. ఆ నడకలోని ఆరోహణావరోహణలు, గమకాలు, విశ్రాంతి స్థానాలు రాగానికి రూపం కల్పిస్తాయి. గాయకుడు ఒకే క్షణంలో రెండు స్వరాలు పలుకలేడు, పలుకవలసిన అవసరమూ లేదు. అయినా ఆయన వెనుక తంబూర నిరంతరం మ్రోగుతూనే ఉంటుంది. దాని నాలుగు తీగలపై మీటిన పంచమ షడ్జాలు ఒకదానిలో ఒకటి కరిగి ఒకే నాదంగా చెవిని చేరుతాయి. కనుక విడివిడి స్వరాలు కలిసి ఒక్క నాదం కావడమనే అనుభవం తెలుగు శ్రోతకు పూర్తిగా కొత్తది కాదు.

పాశ్చాత్య సంగీతం ఈ కలయికనే ఒక ప్రధాన సాధనంగా మలచుకొన్నది. మూడు గాని, అంతకు మించి గాని స్వరాలను ఏకకాలంలో పలికించినప్పుడు ఏర్పడే స్వరసమూహాన్ని 'కార్డ్' అంటారు. తంబూర నాదానికీ కార్డ్‌కూ ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. ఒక కీర్తన మొదలైనది మొదలు ముగిసేవరకు తంబూర శ్రుతి మారదు. కార్డ్ అట్లా కాదు. పాట సాగినకొద్దీ అది మారుతూ ఉంటుంది. ఆ మార్పులోనే దాని సౌందర్యం ఉంది, నేర్చుకొనేవారికి కష్టమూ అక్కడే ఉంది.

వాద్య నిర్మాణం

వీణను దగ్గరగా చూసినవారికి గిటార్ నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. వీణకు కుండ, దండి, మెట్లు, బిరడాలు ఉన్నట్లే గిటార్‌కు నాదాన్ని పెంపొందించే బోలు దేహం, పొడవైన మెడ, మెడపై లోహపు మెట్లు, తీగలను బిగించే బిరడాలు ఉంటాయి. వీణకు వాయించే తీగలు నాలుగు, పక్కన మ్రోగే తీగలు మూడు. గిటార్‌కు ఉన్న ఆరు తీగలూ వాయించేవే. నేడు మనం చూసే శాస్త్రీయ గిటార్ రూపాన్ని స్థిరపరచినవాడు స్పెయిన్ దేశపు వాద్యశిల్పి ఆంటోనియో దె టొర్రెస్ (1817–1892). ఒకప్పుడు జంతువుల పేగులతో చేసిన తీగలు వాడేవారు. 1940ల నుండి వాటి స్థానాన్ని నైలాన్ తీగలు ఆక్రమించాయి. పాటలకు తోడుగా వాయించే మరొక రకం గిటార్‌కు ఉక్కు తీగలు ఉంటాయి. ఆ ఆరు ఉక్కు తీగల బిగువు మొత్తం సుమారు 70 కిలోగ్రాముల బరువుకు సమానం. కొత్తవారి వేళ్లు నొప్పి పెట్టడంలో ఆశ్చర్యమేముంది?

మెడపై మెట్లు సమాన దూరంలో ఉండవు. దేహం వైపు పోయేకొద్దీ అవి దగ్గర దగ్గరగా అమరి ఉంటాయి. దీని వెనుక ఒక గణితసూత్రం ఉన్నది. తీగలో కంపించే పొడవును దాదాపు పద్దెనిమిదవ వంతు తగ్గిస్తే స్వరం ఒక్క స్థానం పైకి పోతుంది. మిగిలిన పొడవులో మళ్లీ పద్దెనిమిదవ వంతు తగ్గిస్తే మరొక స్థానం పైకి పోతుంది. లూట్ అనే తీగవాద్యానికి మెట్లు అమర్చడంలో ఈ పద్దెనిమిదవ వంతు పద్ధతిని 16వ శతాబ్దంలో సమర్థించిన ఇటలీ సంగీతజ్ఞుడు విన్సెంజో గెలీలీ. ఈయన సుప్రసిద్ధ శాస్త్రవేత్త గెలీలియోకు తండ్రి కావడం విశేషం. తీగ పొడవు 65 సెంటీమీటర్లు ఉన్న గిటార్‌లో మొదటి మెట్టు సుమారు 36 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. పన్నెండవ మెట్టు సరిగ్గా తీగ మధ్యకు వస్తుంది. అక్కడ నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. వీణలోనూ ఒక స్థాయికి పన్నెండు మెట్లే. మన పన్నెండు స్వరస్థానాలు, గిటార్ పన్నెండు మెట్లు ఈ విధంగా ఒకదానికొకటి చేరువవుతాయి.

తీగలను సన్నని తీగ మొదలుకొని లావు తీగ వరకు 1 నుండి 6 వరకు లెక్కిస్తారు. ఆరవ తీగ నుండి వరుసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలకు శ్రుతి చేయడం సామాన్య పద్ధతి. ఆరవ తీగ సెకనుకు సుమారు 82 సార్లు, మొదటి తీగ సుమారు 330 సార్లు కంపిస్తాయి. రెండింటి పేరూ ఒకటే, వాటి నడుమ రెండు స్థాయిల దూరం ఉంది. ఆరవ తీగను అయిదవ మెట్టు వద్ద నొక్కి మీటితే అయిదవ తీగ స్వేచ్ఛగా పలికే స్వరం వినిపించాలి. తక్కిన తీగలనూ ఇట్లాగే సరిచూడవచ్చు. మూడవ తీగతో రెండవ తీగను సరిచూచేటప్పుడు మాత్రం నాలుగవ మెట్టు వద్ద నొక్కాలి. శ్రుతి తప్పిన వాద్యంపై వేళ్లు ఎంత సరిగా పెట్టినా అపస్వరమే వస్తుంది. ఆ దోషాన్ని తన చేతికి అంటగట్టుకొని నిరుత్సాహపడటం కొత్తవారిలో తరచుగా కనిపిస్తుంది. ప్రతిదినం అభ్యాసానికి ముందు శ్రుతి సరిచూసుకోవడం అందుకే అవసరం.

మూడు స్వరాల ముచ్చట

కార్డ్‌లలో ప్రాథమికమైనవి మేజర్, మైనర్ అని రెండు విధాలు. 'సి' అనే స్వరాన్ని షడ్జమంగా గ్రహిస్తే సి మేజర్ కార్డ్‌లో ఉండేవి షడ్జమం, అంతర గాంధారం, పంచమం. ఇందులో గాంధారాన్ని ఒక్క మెట్టు తగ్గించి సాధారణ గాంధారం చేస్తే అది సి మైనర్ అవుతుంది. షడ్జ పంచమాలు కదలవు. గాంధారం ఒక్కటే కదులుతుంది. ఆ చిన్న కదలికతో నాదం స్వభావం మొత్తం మారిపోతుంది. మేజర్ కార్డ్ ఉల్లాసాన్ని, మైనర్ కార్డ్ విషాదాన్ని సూచిస్తాయని పాశ్చాత్య శ్రోతలు సాధారణంగా భావిస్తారు. ఇది తిరుగులేని నియమం కాదు. కరుణరసాన్ని మేజర్ కార్డ్‌లతో, చైతన్యాన్ని మైనర్ కార్డ్‌లతో పలికించిన స్వరకర్తలూ ఉన్నారు.

మేజర్ కార్డ్‌లోని మూడు స్వరాలు చెవికి ఇంపుగా కలిసిపోవడానికి ఒక కారణం వాటి కంపనాల నిష్పత్తి. అది దాదాపు 4 : 5 : 6. చిన్న సంఖ్యల నిష్పత్తిలో ఉన్న కంపనాలు మాటిమాటికీ కలుసుకొంటాయి. అందువల్ల చెవికి ఒద్దిక తోస్తుంది. మేజర్ స్వరవరుస మన 29వ మేళకర్త అయిన ధీరశంకరాభరణం స్వరస్థానాలతో సరిపోలుతుంది. అయితే స్వరస్థానాలు ఒకటైనంత మాత్రాన సంగీతం ఒకటి కాదు. శంకరాభరణానికి ప్రాణం గమకంలో ఉంది. మేజర్ స్వరవరుసకు బలం స్వరాల మేళనంలో ఉంది.

వేళ్ల అమరిక

కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమచేతి వేళ్లతో తీగలను నొక్కి, కుడిచేతితో మీటుతారు. ప్రారంభంలో మూడు కార్డ్‌లు అభ్యసిస్తే చాలు.

వీటిలో సులభమైనది ఇ మైనర్. అయిదవ తీగ రెండవ మెట్టు వద్ద నడిమి వేలు, నాలుగవ తీగ రెండవ మెట్టు వద్ద ఉంగరపు వేలు ఉంచి ఆరు తీగలనూ మీటాలి. రెండు వేళ్లతో ఆరు తీగలు పలికే ఈ కార్డ్ కొత్తవారికి ధైర్యాన్నిస్తుంది.

రెండవది ఎ మైనర్. రెండవ తీగ మొదటి మెట్టు వద్ద చూపుడు వేలు, నాలుగవ తీగ రెండవ మెట్టు వద్ద నడిమి వేలు, మూడవ తీగ రెండవ మెట్టు వద్ద ఉంగరపు వేలు ఉంచాలి. ఆరవ తీగను విడిచి తక్కిన అయిదింటినీ మీటాలి.

మూడవది సి మేజర్. రెండవ తీగ మొదటి మెట్టు వద్ద చూపుడు వేలు, నాలుగవ తీగ రెండవ మెట్టు వద్ద నడిమి వేలు, అయిదవ తీగ మూడవ మెట్టు వద్ద ఉంగరపు వేలు ఉంచి అయిదు తీగలను మీటాలి. లావు తీగ నుండి వరుసగా పలికేవి స, గ, ప, స, గ. తీగలు అయిదైనా స్వరాలు మూడే!

ఈ మూడు కార్డ్‌లలోనూ మొదటి తీగపై ఏ వేలూ ఉండదు. అది ప్రతిసారీ 'ఇ' అనే స్వరాన్నే పలుకుతుంది. అయినా చెవికి ఒకే విధంగా తోచదు. సి మేజర్‌లో ఆ స్వరం గాంధార స్థానంలో ఉంది. ఎ మైనర్‌లో అదే పంచమం. ఇ మైనర్‌లో అదే ఆధార షడ్జమం. వాక్యాన్ని బట్టి పదానికి అర్థచ్ఛాయ మారినట్లు, తోడున్న స్వరాలను బట్టి స్వరానికి భావం మారుతున్నది. తీగ మారలేదు, బిగువు మారలేదు, మారినది దాని చుట్టూ ఉన్న పరివారం మాత్రమే. ఈ సూక్ష్మాన్ని చెవితో గుర్తించిన విద్యార్థి కార్డ్ అంటే ఏమిటో గ్రహించినట్లే.

నొప్పి – మూగతీగ

తొలి దినాలలో ఇద్దరు శత్రువులు ఎదురవుతారు. మొదటిది వేలికొసల నొప్పి. రెండవది మూగబోయిన తీగ.

పలుగు, పార పట్టిన చేతులు కాయలు కాయడం అందరూ ఎరిగినదే. తీగను నొక్కే వేలికొసలలోనూ అదే జరుగుతుంది. ఒరిపిడి తగిలినచోట చర్మం క్రమంగా గట్టిపడుతుంది. ఇందుకు కొన్ని వారాలు పడుతుంది. వారానికొకసారి మూడు గంటలు వాయించడం కంటె, ప్రతిదినం ఇరవై నిమిషాలు వాయించడం మేలు. ఎక్కువసేపు వాయిస్తే వేళ్లు పుండ్లు పడతాయి. చాలాదినాలు మానితే గట్టిపడిన చర్మం తిరిగి మెత్తబడుతుంది. వేలికొసల మంట సహజమే గాని మణికట్టులో, మోచేతిలో నొప్పి పుడితే అభ్యాసం ఆపి, కూర్చొనే భంగిమను, చేతిని ఉంచే తీరును సరిచూసుకోవాలి. ఆ నొప్పిని ఓర్చుకొనడం సాధన అనిపించుకోదు.

మూగతీగకు కారణాలు సాధారణంగా రెండు. వేలు మెట్టుకు దూరంగా ఉండటం మొదటిది. వేలిని మెట్టుమీద గాక, దానిని ఆనుకొని బిరడాల వైపున ఉంచితే కొద్దిపాటి ఒత్తిడితోనే స్వరం స్పష్టంగా పలుకుతుంది. వేలు వాలిపోయి పక్క తీగను తాకడం రెండవది. సి మేజర్‌లో చూపుడు వేలు వాలి మొదటి తీగను మూగబోయేట్లు చేయడం చాలామందికి అనుభవమే. బొటనవేలిని మెడ వెనుక ఆనించి, తక్కిన వేళ్లను వంచి, కొసలతో నిలువుగా నొక్కితే ఈ దోషం తొలగుతుంది. ఎడమచేతి గోళ్లు పెరిగి ఉంటే ఇది సాధ్యపడదు. కార్డ్ పట్టిన పిదప తీగలన్నిటినీ ఒక్కసారిగా మీటక ముందు ఒక్కొక్క తీగనే మీటి వినాలి. మోతలో దాగిపోయే దోషం ఒంటి తీగలో బయటపడుతుంది. ఏ తీగ మూగబోయిందో తెలిస్తే ఏ వేలిని సరిదిద్దాలో తెలుస్తుంది.

రెండు కార్డ్‌ల నడుమ సంధి

కార్డ్‌ను పట్టడం వచ్చినంత మాత్రాన వాద్యం వచ్చినట్లు కాదు. పదాలు తెలిసినంతనే భాష రాదు గదా! ఒక కార్డ్ నుండి మరొక కార్డ్‌కు లయ తప్పకుండా మారగలగడమే అసలైన విద్య. చాలామంది గిటార్‌ను మూలన పెట్టేది ఈ దశలోనే. విడివిడిగా ఉన్నప్పుడు చక్కగా పలికిన రెండు కార్డ్‌లు, వాటి నడుమ క్షణకాలం ఖాళీ ఏర్పడగానే పాటను ముక్కలు చేస్తాయి. 'నా వేళ్లు ఇందుకు పనికిరావు' అనే నిరాశ అక్కడ పుడుతుంది. నిజానికి వేళ్లలో లోపం లేదు. అంతవరకు అభ్యసించినది కార్డ్‌లను, అభ్యసించనిది వాటి నడుమ ఉన్న సంధిని.

తెలుగులో రెండు పదాలు కలిసేచోట మార్పు ఎంతవరకు అవసరమో అంతవరకే జరుగుతుంది. తక్కిన అక్షరాలు యథాతథంగా నిలుస్తాయి. వేళ్లకూ ఇదే సూత్రం. సి మేజర్ నుండి ఎ మైనర్‌కు మారేటప్పుడు చూపుడు వేలు, నడిమి వేలు ఉన్నచోటనే ఉంటాయి. ఉంగరపు వేలు ఒక్కటే అయిదవ తీగను విడిచి మూడవ తీగ రెండవ మెట్టుకు రావాలి. ఎ మైనర్ నుండి ఇ మైనర్‌కు మారేటప్పుడు చూపుడు వేలు లేస్తుంది. తక్కిన రెండు వేళ్లూ తమ ఎడం చెడకుండా, జంటగా, లావు తీగల వైపు ఒక్క తీగ జరుగుతాయి. ఈ సంగతి తెలియనివారు ప్రతిసారీ వేళ్లన్నిటినీ ఎత్తివేసి, మళ్లీ ఒక్కొక్కటిగా వెదకి పెడతారు. తెలిసినవారు కదలవలసిన వేలినే కదుపుతారు.

ఈ అభ్యాసానికి ఆదితాళం చక్కగా ఉపకరిస్తుంది. విలంబ కాలంలో తాళం లెక్కిస్తూ ఎనిమిది అక్షరాలకు ఒక కార్డ్ చొప్పున మార్చాలి. అది నిలకడగా వచ్చిన పిదప నాలుగు అక్షరాలకు, ఆ తరువాత రెండు అక్షరాలకు మార్చాలి. ఎడమచేయి తడబడినా కుడిచేయి ఆగరాదు. ఒక తీగ మూగబోతే శ్రోత గమనించకపోవచ్చు, లయ ఆగితే తప్పక గమనిస్తాడు. ఒక నిమిషంలో తప్పు లేకుండా ఎన్నిసార్లు కార్డ్ మార్చగలిగిందీ ప్రతిదినం వ్రాసి పెట్టుకోవడం మంచి అలవాటు. నిన్నటికీ నేటికీ భేదం కనిపించకపోవచ్చు. నెల కిందటి అంకెను చూచినప్పుడు మాత్రం శ్రమ వృథా పోలేదని అర్థమవుతుంది.

ఈ మూడింటి తరువాత జి మేజర్, డి మేజర్ నేర్చుకోవచ్చు. జి, సి, డి మేజర్ కార్డ్‌లు మూడింటితో నడిచే పాటలు ప్రపంచంలో కోకొల్లలు. చూపుడు వేలిని అడ్డంగా పరచి ఆరు తీగలనూ ఒకేసారి నొక్కవలసిన ఎఫ్ మేజర్ వంటి కార్డ్‌లను వేళ్లకు బలం చేకూరిన పిదప చేపట్టడం ఉచితం.

వేళ్లకు మించిన పట్టుదల

గిటార్ చరిత్రలో జాంగో రైన్‌హార్ట్ (1910–1953) జీవితం ఈ సందర్భంలో స్మరణీయం. బెల్జియంలో సంచారజాతి కుటుంబంలో జన్మించిన ఈ కళాకారుడు 1928లో తన నివాసమైన బండికి నిప్పంటుకొని తీవ్రంగా గాయపడ్డాడు. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు నిరుపయోగమయ్యాయి. అప్పటికే వచ్చిన విద్య అక్కరకు రాకుండాపోయింది. ఆయన మిగిలిన రెండు వేళ్లకు అనువైన కొత్త వాదన పద్ధతిని కల్పించుకొన్నాడు. పనికిరావనుకొన్న వేళ్లను సైతం కొన్ని కార్డ్‌లలో వాడుకొన్నాడు. 1934లో పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి ఏర్పరచిన వాద్యబృందంతో జాజ్ సంగీతంలో చిరకీర్తి పొందాడు. పుస్తకంలో ఉన్న వేళ్ల అమరిక ఒక మార్గమే గాని, అదొక్కటే మార్గం కాదని ఆయన జీవితం చాటుతున్నది.

పరాయి వాద్యాలను అక్కున చేర్చుకొనడం తెలుగువారికి కొత్త కాదు. ఐరోపా నుండి వచ్చిన వయొలిన్‌పై రాగభావాన్ని పండించి ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) విజయనగరం కీర్తిని నలుదిశలా వ్యాపింపజేశారు. పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) జంట తీగలకు బదులు ఒంటి తీగలు అమర్చిన విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి 'మాండలిన్ శ్రీనివాస్'గా ప్రసిద్ధులయ్యారు. వారు పరాయి వాద్యానికి మన సంగీతాన్ని నేర్పారు. కార్డ్‌లు నేర్చుకొనే విద్యార్థి చేసేది మరొక పని. ఆ వాద్యం పుట్టిన సంగీతం వినే తీరును తన చెవికి నేర్పుకొంటున్నాడు. ఒక రాగాన్ని ఆధారంగా చేసుకొని, దాని వెనుక కార్డ్‌లు కూర్చిన తెలుగు చలనచిత్ర గీతాలు అనేకం. వాటిలో ఈ రెండు సంప్రదాయాలు చెట్టపట్టాలు వేసుకొని నడుస్తున్నాయి. కార్డ్‌లు ఎరిగిన శ్రోతకు అటువంటి పాటలో గాయకుని గొంతుతోపాటు, దాని కింద ప్రవహించే మరొక ధార కూడా వినిపిస్తుంది.

కార్డ్‌ను పట్టే వేళ్లకు ప్రారంభంలో కాయలు కాస్తాయి. ఫలాలు ఆ తరువాత వస్తాయి. ఆరు తీగలు, పన్నెండు మెట్లు, మూడు కార్డ్‌లు, దినానికి ఇరవై నిమిషాలు – కావలసిన సామగ్రి ఇంతే. మూగబోయిన తీగను చూచి విసుగు చెందక, అది ఎందుకు పలకలేదో ఓపికతో విచారించే స్వభావం దీనికి తోడు కావాలి. ఆ స్వభావం అలవడినవారికి గిటార్ ఒక్కటే కాదు, ఏ విద్య అయినా పలుకుతుంది.

అభ్యాసం

1. తంబూర శ్రుతికీ కార్డ్‌కూ గల సామ్యభేదాలను వివరించండి.
2. మేజర్, మైనర్ కార్డ్‌ల భేదాన్ని కర్ణాటక సంగీత స్వరస్థానాల ఆధారంగా తెలపండి.
3. 'ఇ' స్వరం మూడు కార్డ్‌లలో మూడు విధాలుగా తోచడానికి కారణమేమి?
4. రెండు కార్డ్‌ల నడుమ మార్పును వ్యాకరణంలోని సంధితో పోల్చడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.
5. 'లోపం వేళ్లలో లేదు' – ఈ మాటను మీరు నేర్చుకొన్న మరొక విద్యకు అన్వయించి ఒక పుటకు మించకుండా వ్రాయండి.